గోటి కింది నిప్పు

“తలుపు తియ్యి! ఎంతసేపుంటావు లోపల?”

కొడుకు స్నానాలగది తలుపు మూడోసారి కొట్టాడు. లోపల కుళాయి ధారగా పడుతోంది. ఆ ధార చప్పుడు కిందుగా ఇంకో చప్పుడు, పంటి బిగువున ఆపుకుంటున్న మూలుగు, వంటగదిలో ఉన్న అతని తల్లి సిస్టరమ్మ చెవిన పడింది.

పడినా ఆమె కదల్లేదు. మూడు వారాలుగా అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. వంటయిందన్న ముక్కైనా మధ్యలో ఎవరో ఒకరు మోసుకెళ్లాల్సిందే.

“ఏమైందట?” అని కొడుకునే అడిగింది.

“ఏమోనమ్మా! పన్నెండింటికి కార్ఖానా నుంచి వచ్చేసింది. వేళ్లు మండిపోతున్నాయంటుంది. వీధి చివర డాక్టరుకి చూపించాను. చర్మం శుభ్రంగానే ఉంది, నరం పట్టి ఉంటుందని రెండు మాత్రలిచ్చాడు. ఇంటికి రాగానే లోపల దూరి గడియ పెట్టుకుంది. రెండింటికి నేను బస్సెక్కాలి. డ్రైవరు రాకపోతే డిపోలో ఊరుకుంటారా?”

“బొబ్బలున్నాయా?”

“ఒక్కటీ లేదు. అందుకే అంటున్నా, చూస్తే ఏమీ లేదు, గోల మాత్రం కొంపలంటుకున్నట్టు.”

“ఎర్రగా ఉందా?”

“కొంచెం. గోళ్ల చుట్టూ తెల్లగా పాలిపోయినట్టుంది.”

సిస్టరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

వరండాలో స్టూలు మీద కూర్చుని ఎవరిదో పాత ఫ్యాను విప్పుతున్న కరెంటాయన తలెత్తాడు. ఆమె మొగుడు. రిటైరైన లైన్‌మన్. ఎడమచేతికి వేళ్లు మూడే.

“చర్మం శుభ్రంగా ఉందనే మాట నా చేతిని చూసి కూడా అన్నారోయ్,” అన్నాడు కొడుకుతో, ఆ మూడు వేళ్లూ గాల్లో ఆడించి. “అరచేతిలో శెనగగింజంత కన్నం. పాదం కింద ఇంకోటి. ఇంతేనా అని నవ్వారంతా. మీ అమ్మ ఒక్కతే నవ్వలేదు.”

ఆ కథ ఆ ఇంట్లో వెయ్యిసార్లు చెప్పుకున్నదే. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం, కాలిన గాయాల వార్డులో ఆమె కొత్త నర్సు, ఆయన కొత్త పేషెంటు. చేతి మీద చూస్తే చిన్న మచ్చ. కానీ ఆయన మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో రావడం ఆమె చూసింది. కరెంటు లోపలి కండని ఉడకబెట్టేసిందనీ, ఆ కండ కరిగి మూత్రపిండాలకి అడ్డం పడుతోందనీ ఆమెకి అర్థమైంది. పరుగెత్తుకెళ్లి పెద్ద సర్జను భోజనం మధ్యలో ఉంటే చెయ్యి పట్టుకుని లేపినంత పని చేసింది. గంటలో మోచెయ్యి కిందంతా నిలువునా కోసి, వాచి బిగుసుకుపోయిన కండకి ఊపిరాడేలా చేశారు. రెండు వేళ్లు పోయాయి. చెయ్యి మిగిలింది, మనిషి మిగిలాడు. “మిగిలింది ఈవిడ గారి సొత్తే కదా అని ఈవిడకే ఇచ్చేశాను,” అనేవాడు కరెంటాయన పెళ్లి సంగతి అడిగినవాళ్లతో.

కాలడమంటే కంటికి కనిపించేదే కాదని ముప్పై ఆరేళ్లు జూనియర్లకి చెప్పిన మనిషి ఆవిడ. పైపుల అతుకులకి ఫోటోలు తీసే చోట నేల మీద మెరిసే ముక్క దొరికిందని జేబులో వేసుకున్న కూలీ ఒకతను పన్నెండో రోజుకి తొడ ఎర్రబడి వచ్చాడు. ఎవరో చీమ అన్నారు, ఎవరో చెమటకాయ అన్నారు. “ఈ రెండు వారాల్లో నీ పక్కన కొత్త వస్తువేం చేరింది నాయనా?” అని అడిగింది ఆవిడే. అడగబట్టే ఆ రేడియోధార్మిక ముక్క ఇంకొకరి జేబులోకి పోలేదు.

అడగడం ఆవిడ విద్య. ఆ విద్య సొంత ఇంట్లోనే మూడు వారాల క్రితం మరిచిపోయింది.

ఆ రోజు భోజనాల దగ్గర కోడలే మాటెత్తింది. “కార్ఖానాలో గాలి లాగే ఫ్యాను తిరగట్లేదండీ. గ్లౌజులకి చిల్లులు. బాబాయిగారికి రెండుసార్లు చెప్పాను,” అంది. గాజు మీద నగిషీ చెక్కే కార్ఖానా అది. యజమాని సిస్టరమ్మకి స్వయానా తమ్ముడు. కోడలిని అక్కడ పనిలో పెట్టించింది కూడా సిస్టరమ్మే.

“మా తమ్ముడు ఇరవై ఏళ్లుగా చేస్తున్నాడు ఆ పని. ఆడలేక మద్దెల ఓడని...” అనేసింది.

కోడలి ముద్ద కంచంలోనే ఆగిపోయింది. ఆ కార్ఖానా మొత్తానికి మంచి పనిమంతురాలు ఆ పిల్లే. “ఇంక ఆ కార్ఖానా మాట ఈ ఇంట్లో ఎత్తనండీ,” అని లేచి వెళ్లిపోయింది. అన్నట్టే మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు సిస్టరమ్మ స్టవ్ కట్టేసి తలుపు దగ్గరికొచ్చింది. “అమ్మాయ్, నేను. తలుపు తియ్యి.”

లోపల కుళాయి ఇంకాస్త తిప్పిన చప్పుడైంది.

“మంట ఎన్నింటికి మొదలైంది?”

“ఏమీ లేదండీ. తగ్గిపోతుంది.” ఆ గొంతు సాగిపోయి, చివర తెగినట్టు పలికింది.

“తలుపు తియ్యమంటున్నానా! ఇది ఆటలాడుకునే నొప్పి కాదు. తీస్తావా, పగలగొట్టించనా?”

లోపల మూలుగు కూడా ఆగిపోయింది. వినపడనివ్వకూడదని నోట్లో ఏదో కుక్కుకున్నట్టుంది.

కరెంటాయన వెనకే వచ్చి మెల్లిగా అన్నాడు. “ఆర్డర్లు వెయ్యకు. ఇది వార్డు కాదు.”

“మరేం చెయ్యమంటారు?”

“నీకు చేతకాని పనొకటుంది కదా, అది చెయ్యి.”

సిస్టరమ్మ ఆయన వంక కొరకొరా చూసింది. డాక్టర్ల ఎదుట, సూపరింటెండెంట్ల ఎదుట కూడా వంగని మెడ అది. తప్పు చేస్తే వార్డంతా వినేలా చీవాట్లు పెట్టడం తెలుసు గానీ, తన తప్పు తను ఒప్పుకోవడం ఎలా మొదలుపెట్టాలో తెలీదు. తడిసిన తలుపు చెక్కకి నుదురు ఆనించింది.

“ఆ రోజు నువ్వు ఫ్యాను గురించి చెప్పావు,” అంది. “నేను ఇంకో ప్రశ్న అడగాల్సింది. ఎవరింటి పిల్లో వచ్చి చెప్పుంటే అడిగేదాన్నే. నువ్వు చెప్తే అడగలేదు. నాది పొరపాటే తల్లీ.”

కొంతసేపటికి గడియ కదిలింది.

కోడలు చన్నీళ్ల బకెట్టు పక్కన గోడకి జారగిలబడి ఉంది. మొహం సున్నం కొట్టినట్టయింది. కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్లలో ఉంది. సిస్టరమ్మ పక్కనే చతికిలబడి ఆ చేతిని వెలుగులోకి తీసుకుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. కొసలు కాస్త వాచాయి. చర్మం చిట్లలేదు. మూడు గోళ్ల కిందా బూడిద రంగు నీడ. చూపుడువేలి గోటి మొదట్లో కొనతో తాకీతాకనట్టు తాకింది. కోడలు కెవ్వుమంది.

ఇంత చిన్న గాయానికి అంత పెద్ద నొప్పి.

“పొద్దున ఎన్నింటికి తగిలింది?”

“ఎనిమిదింటికి. గ్లౌజులో తడి తగిలింది, అంతే. మంటేమీ లేదు. తుడుచుకుని పని చేసుకున్నాను. పదకొండు దాటాక మొదలైంది.” ఊపిరి అందుకుని మళ్లీ అంది. “గోళ్లు ఎవరో లోపల్నుంచి పెకలిస్తున్నట్టుంది అత్తయ్యా.”

“రోజూ గాజుకి పూసే లేపనమేనా?”

కోడలు బకెట్టులోకి చూపు దించుకుంది.

“చెప్పమ్మా.”

“కొత్త డబ్బా. చవకగా వచ్చిందట. బాబాయిగారు ఎవరితోనూ అనొద్దన్నారు.” తల తిప్పుకుంది. “నేను ఆయన మీద మళ్లీ చాడీలు చెప్తున్నానని...”

“డబ్బా మీద పేరుందా?”

“పేరు మీద కాగితం అంటించారు. నేను గీకి చూశాను. హైడ్రోఫ్లోరిక్ అనుంది.”

ఆ పేరు వినగానే సిస్టరమ్మ లేచి నిలబడింది. ఉద్యోగంలో ఆ పేరు రెండేసార్లు విన్నది. మొదటిసారి వార్డులో ఎవరికీ తెలీక, మామూలు ఆసిడ్ అనుకుని కడిగి కట్టు కట్టి పంపారు. మూడో రోజు ఆ మనిషి వేలు నల్లబడి వచ్చాడు. రెండోసారి ఆవిడకి తెలుసు.

“గాజునే తినే ఆసిడ్‌రా అది,” అంది కొడుకుతో. “చర్మం పైన ఆగదు. కాల్షియం వెతుక్కుంటూ లోపలికి, ఎముక దాకా పోతుంది. దానికి కాల్షియం మనమే ముందు పెట్టాలి. పెడితే అది తిని ఊరుకుంటుంది, లేకపోతే వేలు తింటుంది.”

కొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “వీధి చివర డాక్టరు, ఇంకా నొప్పుంటే మొద్దుబారే ఇంజెక్షనిస్తానన్నాడు. ముందు అది వేయిద్దామా?”

“వేయించావంటే ఊరుకోను! ఆ నొప్పే మనకి దారి చూపేది. మందు పనిచేస్తోందో లేదో ఈ మంట తగ్గితేనే తెలిసేది. దాన్ని మొద్దుబారిస్తే గుడ్డివాడి చేతిలో దీపం లాక్కున్నట్టే.”

“గుడ్డివాడికి దీపమెందుకూ?” అన్నాడు కరెంటాయన అప్పటికే చెప్పులేసుకుంటూ.

“మీరు పరుగెత్తండి! మందుల షాపులో కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్లు పది. జెల్లీ ట్యూబులు. ఆపరేషన్ గ్లౌజులు. ఆటో అక్కడికే తెస్తాం.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఉద్యోగమే కదా మనది,” అంటూ ఆయన మెట్లు దిగాడు. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి ఆ వేగంతో నడవడం వీధి ఎప్పుడూ చూడలేదు.

కొడుకు డిపోకి ఫోన్ చేసి, “ఈ పూట రాలేను. మా ఆవిడ...” అని, మాట మధ్యలోనే పెట్టేశాడు. పెళ్లాం పక్కన కూలబడి, “గోల చేస్తున్నావనుకున్నానే,” అన్నాడు. ఆ పిల్ల ఎడమచేత్తో అతని చొక్కా పట్టుకుంది, అంతే.

ఆటో వెనక సీట్లో, మూడు వీధులు దాటేలోపు సిస్టరమ్మ మందు కలిపేసింది. ఒక పాలు ఇంజెక్షను మందు, మూడు పాళ్లు జెల్లీ. గ్లౌజులో నింపి, కోడలి చేతిని లోపలికి దూర్చి, మణికట్టు దగ్గర ముడేసింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ గ్లౌజుని రెండు అరచేతుల మధ్య పట్టుకుంది.

“పదికి ఎంతుంది నొప్పి?”

“పదకొండు.”

“సరే. పదైనప్పుడు చెప్పు.”

ఆసుపత్రి గుమ్మం ఎక్కేసరికి నొప్పి తొమ్మిదికి దిగింది.

తను పనిచేసిన ఆ వార్డులో ఆవిడ ఎరిగిన ముఖాలు నాలుగో అయిదో మిగిలాయి. డ్యూటీలో ఉన్న డాక్టరు కొత్త పిల్ల, ముప్పై నిండనట్టుంది. కేసు విని, గ్లౌజు చూసి, ఒక్క క్షణం తటపటాయించింది.

“ఇది పుస్తకంలో చదివానండీ. చూడటం ఇదే మొదలు,” అంది దాచకుండా.

ఆ మాటతోనే సిస్టరమ్మకి ఆ పిల్ల మీద గురి కుదిరింది. తెలియదని చెప్పగలిగిన డాక్టరు చేతిలో పేషెంటు క్షేమం.

“నేను రెండు చూశాను. ఒకటి పోగొట్టాం, ఒకటి కాపాడాం. రెండూ చెప్తాను.”

“మీరు రిటైరయ్యారన్నారు?”

“ఉద్యోగం నుంచి అయ్యాను.”

డాక్టరమ్మ నవ్వి, పని మొదలుపెట్టింది. రక్తంలో కాల్షియం పరీక్షకి పంపింది. ఆ ఆసిడ్ గుండెలయని కూడా తడబాటు పెట్టగలదని ఛాతీకి తీగలంటించి మానిటరు పెట్టించింది. గంట తర్వాత గ్లౌజు విప్పి చూశారు. బొటనవేలూ మధ్యవేలూ దారికొచ్చాయి. చూపుడువేలు మొండికేసింది. గోటి కింద దాక్కున్నదాన్ని జెల్లీ అందుకోలేకపోతోంది.

“గోరు తియ్యాలేమో,” అంది డాక్టరమ్మ.

కోడలు ఉలిక్కిపడింది. “అది నేను గాజు చెక్కే సూది పట్టే వేలండీ!”

సిస్టరమ్మ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. చెప్పాల్సింది తను కాదు. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, “మణికట్టు ధమనిలోంచి కాల్షియం సన్నగా ఎక్కించి చూద్దాం. నాలుగ్గంటలు. అప్పటికీ దిగకపోతేనే గోరు,” అంది. సిస్టరమ్మ వైపు చూడకుండానే అంది, కానీ జవాబు కోసం ఆగినట్టే ఉంది.

“నేనూ అదే చేసేదాన్ని డాక్టరమ్మా,” అంది సిస్టరమ్మ. ఆ వార్డులో ఆవిడ అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ ఇవ్వలేదు.

చుక్కలు పడుతున్నాయి. కొడుకునీ కరెంటాయననీ టీ తాగి రమ్మని పంపింది. అత్తా కోడలూ మిగిలారు. మూడు వారాల మౌనం ఇంకా ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది.

“గ్రంథాలయం తలుపు ఎందాకా వచ్చింది?” అంది సిస్టరమ్మ చివరికి.

తొమ్మిది నెలలుగా ఆ పిల్ల చేస్తున్న పని అది. ఊరి గ్రంథాలయానికి నిలువెత్తు గాజు తలుపు. దాన్ని ఒక్కసారైనా వెళ్లి చూసిన పాపాన పోలేదు సిస్టరమ్మ.

“కొంగల బారు. నలభై ఒకటి. ఒక్కటే మిగిలింది.”

“రెక్కలన్నీ ఒకే తెలుపు ఎలా తెస్తావు?”

“ఒకే తెలుపు కాదత్తయ్యా. దగ్గరున్న పక్షికి లేపనం ఎక్కువసేపు ఉంచుతాను, దూరంగా ఎగిరేదానికి తక్కువ. లెక్క తప్పితే ఈక పోతుంది. కొరికిన గాజుని మళ్లీ పూడ్చలేం కదా.” మాట్లాడుతూనే గుర్తొచ్చినట్టు తన వేళ్ల వైపు చూసుకుంది. “ఆరు.”

“ఏమిటి?”

“నొప్పి. ఆరైంది.”

సిస్టరమ్మ ఆ చేతిని దుప్పటి మీద సర్ది, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. ఏది ఎంత లోతుకి కొరుకుతుందో లెక్క తెలిసిన చెయ్యి. అలాంటి చెయ్యి తన ఇంట్లోనే ఉందని ఇన్నాళ్లకి తెలిసొచ్చింది. పైకి మాత్రం, “మంచినీళ్లు తాగుతావా?” అంది.

నాలుగున్నరకి తమ్ముడొచ్చాడు.

కుడిచేతిలో పళ్ల సంచి. ఇస్త్రీ చొక్కా. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో. కోడలి మంచం దాకా వచ్చి, “ఎలా ఉందమ్మా?” అని, జవాబుకి ఆగకుండా అక్కని కిటికీ దగ్గరికి పిలిచాడు.

“కేసు షీటు మీద ఏం రాశారక్కా?”

“ఎలా జరిగిందన్న గీత ఇంకా ఖాళీగా ఉంది. డబ్బా మీది పేరు సరిచూసుకుని రాస్తానంది డాక్టరమ్మ. నువ్వొచ్చావు కదా, చెప్పు.”

“వేడినూనె అని రాయించు.”

సిస్టరమ్మ తమ్ముడి కళ్లలోకి చూసింది. తండ్రి పోయినప్పుడు వాడికి పదేళ్లు. తన మొదటి జీతంతో వాడికి బూట్లు కొంది.

“వేడినూనె అని రాస్తే వేడినూనెకే మందు వేస్తారురా. రేపు ఈ షీటు పట్టుకుని ఇంకో డాక్టరొస్తాడు. ఈ గీతని నమ్మి ఈ చుక్కలు ఆపేస్తాడు.”

“నువ్వున్నావుగా చూసుకోడానికి! పేరు బయటికొస్తే కార్ఖానాకి తాళం పడుతుంది. పద్నాలుగు మంది బతుకుతున్నారక్కా. నీ కోడలి గాజు తలుపు కూడా ఆ తాళం లోపలే ఉంటుంది. ఆలోచించు.”

“ఫ్యాను తిరగట్లేదని రెండుసార్లు చెప్పిందట.”

“బాగుచేయించేవాణ్ణే.”

“గ్లౌజులు?”

“తెప్పించేవాణ్ణే అక్కా! గోటితో పోయేదానికి గొడ్డలి తేకు.”

“గోరే పోయేలా ఉందిరా అక్కడ!”

వార్డంతా వినపడింది. అటు మంచాలవాళ్లు తలలు తిప్పారు. తమ్ముడు పళ్ల సంచి కిటికీ గట్టు మీద పెట్టబోయాడు. సంచి పిడి మణికట్టుకి చిక్కుకుంది. ఇంకో చేత్తో విడిపించుకుంటే క్షణం పని. విడిపించుకోలేదు. భుజం కుదించి, ఒంటిచేత్తోనే విదిలించుకున్నాడు. ఆ కుదుపుకి జేబులో చెయ్యి కదిలి, కింది పెదవి పళ్ల మధ్య నలిగింది. నుదుటి మీద చెమట.

సిస్టరమ్మ అది చూసింది. చూడటమే కదా ఆవిడ పని.

“చెయ్యి చూపించు,” అంది.

“ఏ చెయ్యి?”

“జేబులోది.”

“ఏం లేదక్కా.”

“ఎన్నింటికి మొదలైంది మంట?”

తమ్ముడు గోడ వైపు చూశాడు. మానిటరు టిక్కు టిక్కుమంటోంది. డాక్టరమ్మ కేసు షీటూ కలమూ పట్టుకుని దగ్గరికొచ్చింది.

“ఇతను మా తమ్ముడు,” అంది సిస్టరమ్మ, డాక్టరమ్మతోనే, కానీ కళ్లు అతని మీదే పెట్టి. “చేతికి ఏదో తగిలింది. ఏం తగిలిందో అతనే చెప్పాలి. వేడినూనె అంటే వేడినూనెకి కట్టు కట్టండి.”

అంత కఠినంగా తమ్ముడితో ఎన్నడూ మాట్లాడి ఎరగదు ఆవిడ. అయినా చూపు దించలేదు.

మంచం మీంచి కోడలి గొంతు వినిపించింది. “ముందు బాబాయిగారికి గ్లౌజు తొడగండత్తయ్యా. అడగడం తర్వాత. ఆ నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

సిస్టరమ్మ వెనక్కి తిరిగింది. చేతికి తీగలు, చెమటకి నుదుటికంటుకున్న జుట్టు, అయినా వెన్ను నిటారుగా కూర్చుంది ఆ పిల్ల. ముప్పై ఆరేళ్లలో ఆవిడ జూనియర్లకి మొదటిరోజే నేర్పే పాఠం అది. గాయానికి ముందు మందు, మనిషికి తర్వాత తీర్పు. ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

“వింటున్నావా?” అంది తమ్ముడితో. ఈసారి గొంతు మెత్తబడింది. “నువ్వు నోరు నొక్కిన పిల్ల నీ గురించి అడుగుతోంది.”

తమ్ముడు జేబులోంచి చెయ్యి తీశాడు. చిటికెనవేలూ ఉంగరపువేలూ. గోళ్ల చుట్టూ అదే పాలిపోయిన తెలుపు. సిస్టరమ్మ మారుమాటాడకుండా జెల్లీ కలపడం మొదలుపెట్టింది.

“హైడ్రోఫ్లోరిక్,” అన్నాడతను డాక్టరమ్మతో. “నా కార్ఖానాలోదే. నేనే తెచ్చాను. రాయండి.” గీత మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది. అతను గ్లౌజులో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచాడు. “అక్కా, ఇంకో మాట. మధ్యాహ్నం నేను సీసాలో పోస్తుంటే ఒలికి తగిలిందిది.”

“సీసాలోకా? ఎందుకు?”

“కార్ఖానాలో గాజుకి మెరుగు పట్టే ఆవిడ అడిగింది. ఇంట్లో గచ్చు మీద తుప్పు మరకలున్నాయంటే... ఇది బాగా వదిలిస్తుందని నేనే ఇచ్చాను. మూడింటికి తీసుకెళ్లింది.”

సిస్టరమ్మ ట్యూబు పక్కన పెట్టింది. ఆవిడ లేచేలోపే కోడలు ఎడమచేత్తో దిండు కింద ఫోన్ అందుకుంది. “నంబరు నా దగ్గరుంది,” అంది. సిస్టరమ్మ ఫోన్ కోసం చెయ్యి చాచింది. ఆ పిల్ల ముఖం చూసి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండు మోతలు. మూడు. నాలుగో మోతకి అవతల ఎత్తారు.

“నేనక్కా. కార్ఖానా నుంచి తెచ్చిన సీసా ఎక్కడుంది?” అంది కోడలు. గొంతులో వణుకు లేదు, గాభరా లేదు. తను ఎన్ని బ్యాచ్‌ల నర్సులకి నేర్పినా ఎవరికీ పట్టుబడని ఆ గొంతు విని సిస్టరమ్మ తలెత్తి నిలబడింది.

“ఓ నిమిషం ఆగవే, తర్వాత మాట్లాడతా,” అంటోంది అవతలావిడ నవ్వుతూ. “గచ్చు రుద్దుతున్నా. చేతులు తడిగా ఉన్నాయి.”

“ఏం తడక్కా అది? నీళ్లా, సీసాలోదా?”

అవతల నవ్వు ఆగిపోయింది.